కెమెరా కంటే ముందు ఫైలు: ఎడిటింగ్‌కి కుదిరే క్యామ్‌కార్డర్ కోసం ప్రాజెక్టు డైరీ

పని ఇది: ఇప్పుడున్న కంప్యూటర్ మార్చకుండా, దాని మీద సాఫీగా ఎడిట్ అయ్యే వీడియో తీసే క్యామ్‌కార్డర్ ఏదో తేల్చడం. గంట, రెండు గంటలు ఆపకుండా సాగే కార్యక్రమాలు తీయాలి. తర్వాత ముక్కలు కోసి, పేర్లు వేసి, ధ్వని సరిచేసి ఒక ఫైలుగా బయటికి తీయాలి. లెన్సు గురించీ జూమ్ గురించీ రాసినవి ఎన్నో దొరుకుతాయి. కార్డు మీద కెమెరా రాసే ఫైలు గురించి మాత్రం పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఒక్క లైనే ఉంటుంది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర పడే తిప్పలన్నీ పుట్టేది ఆ లైనులోనే. అందుకని ఈ డైరీ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

లెక్కలు చదివేముందు ఒక మాట. కెమెరా కంపెనీలు వేగాన్ని సెకనుకి మెగాబిట్లలో చెబుతాయి, కార్డుల కంపెనీలు మెగాబైట్లలో చెబుతాయి. మెగాబిట్లని 8తో భాగిస్తే మెగాబైట్లు. కింద ఉన్న జీబీలన్నీ వెయ్యి లెక్కలో వేసినవి. విండోస్ 1024 లెక్క వేస్తుంది కాబట్టి 64 జీబీ కార్డు అక్కడ 59.6గా కనిపిస్తుంది. అది కార్డు లోపం కాదు.

దశ 1: ముందు కంప్యూటర్ కొలత

కెమెరాల జాబితా తియ్యడానికి ముందే చేసిన పని ఇది. మళ్ళీ చేసినా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

1. ప్రాసెసర్: ఇంటెల్ ఆరో తరం (స్కైలేక్), 4 కోర్లు. విడి గ్రాఫిక్స్ కార్డు లేదు.
2. ర్యామ్: 8 జీబీ.
3. డిస్కులో ఖాళీ: 210 జీబీ.
4. పోర్టులు: యూఎస్‌బీ 3.0, ఎస్‌డీ కార్డు రీడర్. ఫైర్‌వైర్ (పాత టేపు కెమెరాలని కలిపే పోర్టు) లేదు.
5. సాఫ్ట్‌వేర్: షాట్‌కట్, కేడెన్‌లైవ్ (రెండూ ఉచిత ఎడిటర్లు). పోలిక కోసం మూడోది ఇంకొకటి.

హెచ్.264, హెచ్ఈవీసీ అనేవి వీడియోని కుదించే పద్ధతులు; 8 బిట్, 10 బిట్ అనేవి రంగుల్లో మెట్లెన్నో చెప్పే లెక్క. స్కైలేక్ లోపలి గ్రాఫిక్స్ చిప్ హెచ్.264ని, 8 బిట్ హెచ్ఈవీసీని స్వయంగా విప్పగలదు. 10 బిట్ హెచ్ఈవీసీని పూర్తిగా చిప్ మీదే విప్పే ఏర్పాటు ఇంటెల్‌లో ఏడో తరంతో వచ్చింది. ఈ ఒక్క తరం తేడా దశ 7లో ఒక కెమెరాని జాబితా నుంచి కొట్టేసింది.

షాట్‌కట్, కేడెన్‌లైవ్ రెండూ లోపల ఎఫ్‌ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాధనం లైబ్రరీలనే వాడతాయి. అందువల్ల దాదాపు ఏ ఫైలునైనా తెరుస్తాయి. తెరవడం వేరు, టైమ్‌లైన్ (క్లిప్పులని వరసగా పేర్చే పట్టీ) మీద పరుగెత్తడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా లెక్కపెట్టడమే మా మొదటి తప్పు.

*ఇప్పటి లెక్క: ఖాళీ 210 జీబీ. పరీక్షించిన ఫార్మాట్లు 0.*

దశ 2: ఫార్మాట్ల జల్లెడ

కొత్తవీ వాడినవీ కలిపి దొరికే క్యామ్‌కార్డర్లలో ఎక్కువ భాగం కార్డు మీదో టేపు మీదో రాసేది ఈ ఆరు రకాల్లో ఏదో ఒకటి.

1. డీవీ టేపు: సెకనుకి 25 మెగాబిట్ల వీడియో, ధ్వనీ మిగతావీ కలిపితే గంటకి దాదాపు 13 జీబీ. ప్రతి ఫ్రేమూ దేనికదే విడిగా ఉంటుంది కాబట్టి ఎడిటింగ్‌కి చాలా తేలిక. కానీ కంప్యూటర్‌లోకి తేవాలంటే ఫైర్‌వైర్ కావాలి, గంట టేపుకి గంట పడుతుంది. కొట్టేశాం.
2. హెచ్‌డీవీ టేపు: అదే టేపు, అదే ఫైర్‌వైర్, 1440×1080 ఎంపెగ్-2. అదే కారణంతో కొట్టేశాం.
3. పాత హార్డ్‌డిస్కు క్యామ్‌కార్డర్ల .ఎంఓడీ ఫైళ్ళు: లోపల ఉండేది మామూలు ఎంపెగ్-2. పక్కనే ఉండే .ఎంఓఐ ఫైలు పోతే 16:9 అనే సమాచారం పోతుంది, బొమ్మలో మనుషులు సన్నగా సాగిపోతారు. ఇంట్లో ఇలాంటి పాత కెమెరా ఉంటే పేరు మార్చి వాడుకోవచ్చు, నిష్పత్తిని చేత్తో 16:9 పెట్టాలి. కొత్తగా కొనడానికి మాత్రం వద్దు.
4. ఏవీసీహెచ్‌డీ: 2006లో సోనీ, పానసోనిక్ కలిసి తెచ్చింది. హెచ్.264 వీడియో, ఎక్కువగా ఏసీ-3 (డాల్బీ కుదింపు) ధ్వని, .ఎంటీఎస్ ఫైలు. గరిష్ఠం 24 మెగాబిట్లు. 2011లో వచ్చిన సవరణతో 50పి, 60పి (సెకనుకి 50, 60 పూర్తి ఫ్రేములు) మోడ్‌లలో 28.
5. ఎంపీ4 చుట్టలో (వీడియోనీ ధ్వనినీ కలిపి పెట్టే ఫైలు రకంలో) హెచ్.264: సోనీ ఎక్స్‌ఏవీసీ ఎస్ ఈ కోవదే. హెచ్‌డీలో 50 మెగాబిట్లు, 4కెలో 60 లేదా 100. ధ్వని కుదించని పీసీఎం.
6. హెచ్ఈవీసీ, అంటే హెచ్.265: 4కె కెమెరాల్లో, ఎక్కువగా 10 బిట్.

మిగిలిన మూడింటికి గంటకి ఎంత చోటు పడుతుందో ఇదీ:

- 24 మెగాబిట్లు: 10.8 జీబీ
- 28 మెగాబిట్లు: 12.6 జీబీ
- 50 మెగాబిట్లు: 22.5 జీబీ
- 100 మెగాబిట్లు: 45 జీబీ
- 200 మెగాబిట్లు: 90 జీబీ

*ఇప్పటి లెక్క: ఆరులో మూడు మిగిలాయి.*

దశ 3: శాంపిల్ ఫైళ్ళు

ఇక్కడ ఒక వారం వృథా అయింది. మొదట తెచ్చుకున్నవి వీడియో సైట్లలో పెట్టిన నమూనాలు. అవి ఆ సైట్లు మళ్ళీ కుదించిన ఫైళ్ళు. కెమెరా రాసిన దానితో వాటికి పోలిక లేదు. రెండోసారి తెచ్చినవి కెమెరా అసలు ఫైళ్ళే, కానీ అన్నీ 30 సెకన్ల ముక్కలు. అన్నీ చక్కగా ఆడాయి. అసలు సమస్య పది నిమిషాలు దాటాక గానీ బయటపడదు.

మూడోసారి పద్ధతి మార్చాం. సొంత కార్డు పట్టుకెళ్ళి, అడిగి, కెమెరాలో వేసి ఇవి తీసుకోవాలి:

1. ఆపకుండా 40 నిమిషాల ఒకే రికార్డింగ్. స్టాండు మీద పెట్టి వదిలేస్తే చాలు.
2. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కెమెరాకి ఎదురుగా చప్పట్లు, బొమ్మా ధ్వనీ కలిసే ఉన్నాయా చూడటానికి.
3. అడ్డంగా వేగంగా తిప్పిన షాట్, ఆ తర్వాత తిరుగుతున్న ఫ్యాను.
4. లైట్లు తగ్గించిన గదిలో ఒక నిమిషం.
5. మెనూలో ఉన్న ప్రతి రికార్డింగ్ మోడ్‌లోనూ కనీసం ఒక నిమిషం, మోడ్ పేరు పైకి చదువుతూ. ఫైలు పేర్లు 00003, 00004 అని ఉంటాయి కాబట్టి తర్వాత ఏది ఏదో తెలిసేది ఆ గొంతు వల్లనే.

ప్రతి ఫైలునీ మీడియాఇన్ఫో అనే, ఫైలు లోపలి వివరాలు చూపించే ప్రోగ్రాంలో తెరిచి ఆరు సంగతులు రాసుకున్నాం: కోడెక్ (కుదించే పద్ధతి), ప్రొఫైల్-లెవెల్ (విప్పడం ఎంత బరువో చెప్పే గుర్తు), ఫ్రేమ్ రేటు స్థిరమా మారుతుందా, స్కాన్ రకం (ఐనా పినా), బిట్ లోతు, ధ్వని కోడెక్. పెట్టె మీద ఏం రాసి ఉన్నా సరే, ఈ ఆరే నిజం.

వచ్చిన శాంపిళ్ళు, గరిష్ఠ బిట్‌రేటు లెక్కన (అసలు ఫైలు కొంచెం తక్కువే ఉంటుంది):

- ఎ: ఏవీసీహెచ్‌డీ 50ఐ (సెకనుకి 50 అరబొమ్మలు, వివరం దశ 6లో), 24 మెగాబిట్లు, 40 నిమిషాలు: 7.2 జీబీ
- బి: ఏవీసీహెచ్‌డీ 50పి, 28 మెగాబిట్లు, 10 నిమిషాలు: 2.1 జీబీ
- సి: ఎక్స్‌ఏవీసీ ఎస్ హెచ్‌డీ 50పి, 50 మెగాబిట్లు, 10 నిమిషాలు: 3.75 జీబీ
- డి: 4కె 25పి హెచ్.264, 100 మెగాబిట్లు, 10 నిమిషాలు: 7.5 జీబీ
- ఇ: 4కె 50పి హెచ్ఈవీసీ 10 బిట్, 200 మెగాబిట్లు, 5 నిమిషాలు: 7.5 జీబీ

*ఇప్పటి లెక్క: వాడింది 28.05 జీబీ, ఖాళీ 181.95.*

దశ 4: ఏవీసీహెచ్‌డీ, అతుకు దగ్గర తెగిన మాట

ఈ దశలోనే ఎక్కువ నేర్చుకున్నాం, అందుకని వివరంగా.

కార్డులో ప్రైవేట్ అనే ఫోల్డర్, దాని లోపల ఏవీసీహెచ్‌డీ, దాని లోపల బీడీఎంవీ, అందులో స్ట్రీమ్. .ఎంటీఎస్ ఫైళ్ళన్నీ స్ట్రీమ్‌లో ఉంటాయి. చూడగానే ఎవరైనా చేసేది ఒకటే: ఆ ఫైళ్ళు మాత్రం కాపీ కొట్టి, మిగతా చిన్న చిన్న ఫైళ్ళని చెత్తనుకుని వదిలేసి, కార్డు ఫార్మాట్ చేసెయ్యడం. మేం కూడా శాంపిల్ ఎ విషయంలో అదే చేశాం. అదృష్టవశాత్తూ కార్డు ఫార్మాట్ చెయ్యలేదు.

40 నిమిషాల రికార్డింగ్ నాలుగు ఫైళ్ళుగా వచ్చింది. కారణం ఫైల్ సిస్టమ్. 32 జీబీ వరకూ ఉండే ఎస్‌డీహెచ్‌సీ కార్డులు ఫ్యాట్32తో నడుస్తాయి, అందులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. కొన్ని కెమెరాలు అంతదాకా ఆగకుండా 2 జీబీ దగ్గరే తెంపేస్తాయి. 24 మెగాబిట్ల చొప్పున 2 జీబీ (ఫైలు హద్దులు మాత్రం 1024 లెక్కలోవి) అంటే 12 నిమిషాల కంటే కొంచెం తక్కువ; 4 జీబీ అయితే దాదాపు 24 నిమిషాలు.

నాలుగు ఫైళ్ళనీ టైమ్‌లైన్ మీద వరసగా పేరిస్తే మూడు అతుకులు. మూడింటి దగ్గరా మాట మింగినట్టు అయింది, బొమ్మ ఒక క్షణం ఎగిరింది. ఎందుకంటే కెమెరా తెంపేటప్పుడు ఫ్రేము సరిహద్దు చూసి తెంపదు. ఏసీ-3 ధ్వని 1536 శాంపిళ్ళ పొట్లాలుగా వస్తుంది; 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో పొట్లం 32 మిల్లీసెకన్లు. సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. ఈ రెండు కొలతలూ ఒకే చోట ముగియడం అరుదు. సగం పొట్లం ఈ ఫైలు చివర, మిగతా సగం తర్వాతి ఫైలు మొదట్లో పడుతుంది. వీడియోలో కూడా చివరి కొన్ని ఫ్రేములు విప్పడానికి కావలసిన సమాచారం పక్క ఫైలులో ఉండిపోతుంది. ఎడిటర్ ప్రతి ఫైలునీ విడి క్లిప్పుగా చూస్తుంది కాబట్టి రెండు సగాల్నీ పారేస్తుంది.

సరిచేసిన తీరు:

1. ప్రైవేట్ ఫోల్డర్‌ని మొత్తంగా, లోపలివేవీ కదపకుండా డిస్కులోకి కాపీ చెయ్యాలి. ఒక్కో కార్డుకి తేదీతో ఒక ఫోల్డర్.
2. కెమెరాతో వచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటే దానితో దించడం మేలు. అది ప్లేలిస్టు ఫైళ్ళని చదివి ముక్కలని ఒకటిగా కలిపే ఇస్తుంది.
3. లేకపోతే చేత్తో కలపాలి. .ఎంటీఎస్ అనేది ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్, నీళ్ళ గొట్టంలా ఎక్కడ అతికినా పారుతుంది. విండోస్ కమాండ్ విండోలో కాపీ ఆదేశానికి స్లాష్-బి జోడించి, ఫైళ్ళ పేర్లని ప్లస్ గుర్తుతో వరసగా ఇస్తే బైట్లకి బైట్లు అతుక్కుంటాయి. స్లాష్-బి మర్చిపోతే ఫైలు మధ్యలోనే తెగిపోతుంది.
4. గరిష్ఠ సైజుకి చేరిన ఫైలు, దాని తర్వాతది మాత్రమే కలపాలి. విడివిడి రికార్డింగులని ఇలా అతికించొద్దు, టైమ్‌కోడ్ గందరగోళం అవుతుంది.
5. కలిపిన ఫైలు 7.2 జీబీ. ఇది ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ మీద పట్టదు. ఎన్‌టీఎఫ్ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ డిస్కు కావాలి.
6. మూడు అతుకుల దగ్గరా హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, అప్పుడు ముక్కలు తీసెయ్యాలి.

ఇలా చేశాక మూడు చోట్లా మాట పూర్తిగా వినిపించింది.

మ్యాక్ వాడేవాళ్ళకి ఒక చిక్కు: అక్కడ ఏవీసీహెచ్‌డీ ఫోల్డర్ మొత్తం ఒకే ఫైలులా కనిపిస్తుంది. కుడి క్లిక్ చేసి లోపలి విషయాలు చూపించమంటే తెరుచుకుంటుంది. ఐమూవీలోకి తేవడానికి మాత్రం దాన్ని విప్పకుండా ఉంచడమే క్షేమం, అది వెతికేది ఆ ఫోల్డర్ అమరికనే.

*ఇప్పటి లెక్క: కలిపిన కాపీతో 35.25 జీబీ, ఖాళీ 174.75.*

దశ 5: బొమ్మ వచ్చింది, ధ్వని రాలేదు

కలిపిన ఫైలు షాట్‌కట్‌లో బాగుంది. మూడో సాఫ్ట్‌వేర్‌లో ధ్వని పట్టీయే లేదు. ఫైలు పాడైందనుకుని రెండుసార్లు మళ్ళీ కాపీ చేశాం, అది అనవసరం. డాల్బీ ఏసీ-3ని విప్పే భాగం అన్ని ఎడిటర్లలోనూ ఉండదు.

వీడియోని ముట్టుకోకుండా ధ్వనిని మాత్రం మార్చాలి. ఎఫ్‌ఎఫ్ఎంపెగ్‌లో వీడియోకి కాపీ అనీ, ధ్వనికి 16 బిట్ పీసీఎం అనీ చెప్పి, బయటికి వచ్చే ఫైలుని .ఎంఓవీ చుట్టలో పెట్టాం. ఎక్స్‌ఏవీసీ ఎస్ కెమెరాలు రాసేది పక్కన పెడితే, మనం తయారుచేసే .ఎంపీ4 చుట్టలో పీసీఎంని కొన్ని ప్రోగ్రాములు ఒప్పుకోవు. వీడియోని మళ్ళీ కుదించడం లేదు కాబట్టి నాణ్యత పోదు, పట్టే సమయం డిస్కు వేగం మీదే ఆధారపడుతుంది.

చోటు: స్టీరియో పీసీఎం 48 కిలోహెర్ట్జ్ దగ్గర సెకనుకి 1.536 మెగాబిట్లు, అంటే గంటకి 691 మెగాబైట్లు. 256 కిలోబిట్ల ఏసీ-3 అయితే 115 మెగాబైట్లు. తేడా భరించగలిగేదే. అయినా ప్రతి రికార్డింగుకీ ఈ అదనపు మెట్టు ఎక్కడం కంటే, మొదటే పీసీఎం రాసే కెమెరా అయితే పోతుంది కదా అన్న ఆలోచన ఇక్కడే మొదలైంది.

*ఇప్పటి లెక్క: దాదాపు 42.8 జీబీ, ఖాళీ 167.2.*

దశ 6: దువ్వెన పళ్ళు

శాంపిల్ ఎలో ఫ్యాను రెక్కల అంచుల్లో, వేగంగా తిప్పిన షాట్‌లో గోడ అంచుల్లో అడ్డగీతలు. 50ఐ అంటే సెకనుకి 50 అరబొమ్మలు: ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు, మధ్యలో సెకనులో 50వ వంతు కాలం. రెండు అరలనీ ఒక ఫ్రేములో కలిపితే కదిలే వస్తువుకి దువ్వెన పళ్ళు వస్తాయి.

మూడు దారులు ప్రయత్నించాం.

1. ఒక అరని పారేయడం: గీతలు పోయాయి, వాటితో పాటు నిలువు స్పష్టత సగం పోయింది. వద్దు.
2. 25పిగా మార్చడం: నిలకడగా ఉన్న షాట్లకి బాగుంది. నడక, నాట్యం తెగి తెగి కనిపించాయి, ఎందుకంటే సెకనుకి 50 కదలికలు 25 అయ్యాయి.
3. ఒక్కో అరని ఒక్కో పూర్తి ఫ్రేముగా పెంచి 50పి చేయడం: ఎఫ్‌ఎఫ్ఎంపెగ్‌లో యాడిఫ్ ఫిల్టర్‌ని మోడ్ 1లో పెడితే ఇది జరుగుతుంది. కదలిక బాగా వచ్చింది.

మూడోది నచ్చి, మళ్ళీ కుదించడంలో నష్టం ఉండకూడదని ప్రోరెస్ 422 (ఎడిటింగ్ కోసం తక్కువగా కుదించే ఫార్మాట్) లోకి తీశాం. అక్కడ లెక్క తప్పింది. 1080/50పి ప్రోరెస్ 422 సెకనుకి 245 మెగాబిట్లు. 40 నిమిషాలకి 73.5 జీబీ. 7.2 జీబీ ఫైలు పది రెట్లు ఉబ్బింది. రెండు గంటల కార్యక్రమానికి 220 జీబీ కావాలి, మొదట్లో ఉన్న ఖాళీయే 210. ఆ ఫైలు చెరిపేశాం.

ఇంకో వల: మెనూలో పీఎఫ్25 అని ఉండే కెమెరాలు 25 పూర్తి ఫ్రేములనే తీసి 50ఐ చుట్టలో పెడతాయి. మీడియాఇన్ఫో దాన్ని ఇంటర్లేస్డ్ (అరబొమ్మలది) అనే చూపిస్తుంది, కానీ బొమ్మలో దువ్వెన పళ్ళు ఉండవు. దానికి యాడిఫ్ పెడితే ఉన్న స్పష్టత ఊరికే పోతుంది. ఆ క్లిప్పుని ప్రోగ్రెసివ్ (పూర్తి ఫ్రేములది) అని ఎడిటర్‌కి చేత్తో చెప్పాలి.

అర వరస విషయం కూడా చూసుకోవాలి. ఏవీసీహెచ్‌డీలో పై అర ముందు, పాత డీవీలో కింది అర ముందు. రెండూ కలిపి ఎడిట్ చేసేటప్పుడు ఇది తప్పితే కదలిక ముందుకీ వెనక్కీ వణుకుతుంది.

తీర్మానం: ఇంటర్లేస్డ్ తప్ప మరో మోడ్ లేని కెమెరా వద్దు. 50పి (కరెంటు 60 హెర్ట్జ్ ఉండే దేశాల్లో 60పి) ఉండాలి. శాంపిల్ బి ఈ పరీక్షలో గట్టెక్కింది. దాని లెవెల్ 4.2 కాబట్టి 4.1తో ఆగిపోయే పాత మీడియా ప్లేయర్లు దాన్ని ఆడించకపోవచ్చు. 1080/50పి బ్లూరే డిస్కు ప్రమాణంలో కూడా లేదు. డిస్కు కొట్టేవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి.

*ఇప్పటి లెక్క: ఒక దశలో 116.3 జీబీకి చేరి, చెరిపాక మళ్ళీ 42.8. ఖాళీ 167.2.*

దశ 7: ప్లేయర్‌లో ఆడింది, టైమ్‌లైన్‌లో ఆగింది

శాంపిల్ డి, అంటే 4కె హెచ్.264, వీడియో ప్లేయర్‌లో వెన్నలా ఆడింది. అదే ఫైలుని షాట్‌కట్ టైమ్‌లైన్ మీద పెట్టి రెండు క్లిప్పుల మధ్య డిసాల్వ్ (ఒకటి కరుగుతూ ఇంకొకటి రావడం) వేస్తే నాలుగు కోర్లూ నూరు శాతానికి చేరి, ప్రివ్యూ ఆగి ఆగి నడిచింది.

ప్లేయర్ చేసేది ఒక్క ఫైలుని ముందుకు విప్పడం. ఆ పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగిస్తుంది. ఎడిటర్ తరచూ ఆ పని ప్రాసెసర్ మీదే చేస్తుంది, డిసాల్వ్ దగ్గర రెండు ఫైళ్ళు ఒకేసారి విప్పాలి, మీరు వెనక్కి జరిపితే ఇంకా కష్టం. హెచ్.264లో పూర్తి బొమ్మ ఎప్పుడో ఒకసారి వస్తుంది. మధ్య ఫ్రేములన్నీ దానికీ దీనికీ తేడాలు మాత్రమే. వెనక్కి ఒక్క ఫ్రేము జరగాలన్నా ముందున్న పూర్తి బొమ్మ దాకా వెళ్ళి అక్కడినుంచి మళ్ళీ విప్పుకుంటూ రావాలి. "ప్లేయర్‌లో ఆడుతోందిగా" అని కొనేస్తే దెబ్బ తినేది ఇక్కడే.

బరువు పోల్చడానికి సెకనుకి ఎన్ని పిక్సెళ్ళు విప్పాలో చూడటం తేలిక:

- 1080/25పి: 5.18 కోట్లు
- 1080/50పి: 10.37 కోట్లు
- 4కె/25పి: 20.74 కోట్లు
- 4కె/50పి: 41.47 కోట్లు

శాంపిల్ ఇ ఈ జాబితాలో అడుగున ఉన్నదే, పైగా హెచ్ఈవీసీ, పైగా 10 బిట్. విండోస్‌లో ముందు ప్లేయరే తెరవలేదు; హెచ్ఈవీసీ ఎక్స్‌టెన్షన్ విడిగా పెట్టాల్సి వచ్చింది. పెట్టినా స్కైలేక్ చిప్ 10 బిట్ దగ్గర చేతులెత్తేసింది, భారమంతా ప్రాసెసర్ మీద పడింది. టైమ్‌లైన్ మీద పని సాగలేదు. ఈ కంప్యూటర్‌తో ఆ కెమెరా కుదరదు. బొమ్మ మాత్రం అన్నిటికంటే బాగుంది, అది దాచాల్సిన పని లేదు. కొత్త కంప్యూటర్ కొనేవాళ్ళు దాన్ని వదలొద్దు.

డికి ప్రాక్సీ ఉపాయం పనిచేసింది:

1. షాట్‌కట్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ ఆన్ చెయ్యాలి. 540 గీతల చిన్న కాపీలు తయారవుతాయి.
2. కోతలన్నీ ఆ కాపీల మీదే నడుస్తాయి.
3. ఎక్స్‌పోర్ట్ అప్పుడు అసలు ఫైళ్ళనే తీసుకుంటుంది. ఒక చిన్న ముక్క ఎక్స్‌పోర్ట్ చేసి స్పష్టత సరిచూసుకోవాలి.
4. అసలు ఫైళ్ళని వేరే ఫోల్డర్‌కి జరపొద్దు. జరిపితే లింకు తెగుతుంది.

ఎడిటింగ్ సాఫీ అయింది. అయితే రెండు గంటల 4కె వీడియోకి ప్రాక్సీలు తయారు కావడానికే గంటలు పడుతుంది, అసలు ఫైళ్ళకి 90 జీబీ పోతుంది. చివరి వీడియో 1080లోనే ఇచ్చేటట్టయితే 4కెతో వచ్చే లాభం ఒక్కటే: తర్వాత బొమ్మని దగ్గరికి తెచ్చి కోసుకోవచ్చు. స్టాండు మీద ఒకే కెమెరాతో తీసేవాళ్ళకి అది చిన్న లాభం కాదు. అందుకే డిని కొట్టెయ్యలేదు, రెండో వరసలో ఉంచాం.

కార్డు సంగతి కూడా ఇక్కడే తేలింది. 100 మెగాబిట్లు అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు. క్లాస్ 10, యూ1 కార్డులు హామీ ఇచ్చేది 10 మెగాబైట్ల రాత వేగం. యూ1 కార్డు వేస్తే కెమెరా 100 మోడ్‌కి ఒప్పుకోలేదు. యూ3 లేదా వీ30 అంటే 30 మెగాబైట్లు, దానితో సరిపోయింది. కార్డు మీద పెద్ద అంకెల్లో వేసేది ఎక్కువగా చదివే వేగం. మనకి కావలసింది ఆ చిన్న యూ గుర్తు లోపలి అంకె. 64 జీబీ, ఆ పైన ఉండే ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి, 4 జీబీ అడ్డు ఉండదు. ఫ్యాట్32 మీద 100 మెగాబిట్ల రికార్డింగ్ 6 నిమిషాలు నిండకముందే తెగుతుంది.

*ఇప్పటి లెక్క: ఐదు శాంపిళ్ళలో ఎ, ఇ పోయాయి. బి, సి, డి మిగిలాయి.*

దశ 8: చప్పట్ల పరీక్ష

బి, సి, డి మూడింటిలోనూ చివరి చప్పట్లు బొమ్మతో ఒకే ఫ్రేములో పడ్డాయి. పోలికకి ఒక ఫోన్ వీడియో కూడా పెట్టాం. దాని ఫ్రేమ్ రేటు మారుతూ ఉంది, క్లిప్పు చివరికి వచ్చేసరికి చప్పుడు ముందూ చేతులు వెనకా. రెండో కెమెరాగా ఫోన్ వాడేవాళ్ళు ఆ క్లిప్పుని ముందే స్థిర ఫ్రేమ్ రేటులోకి మార్చుకోవాలి. షాట్‌కట్ అలాంటి ఫైలు తెరవగానే తానే ఆ మార్పు చెయ్యమంటుంది.

60 హెర్ట్జ్ దేశాల కెమెరాలతో ఇంకొకటి. 30 అని రాసి ఉన్నా అసలు రేటు 29.97. ప్రాజెక్టుని సరిగ్గా 30కి పెట్టి, విడి రికార్డర్ ధ్వనితో కలిపేటప్పుడు ఫ్రేముకి ఫ్రేము లెక్క వేస్తే, గంటకి 3.6 సెకన్లు తేడా వస్తుంది. ప్రాజెక్టు రేటుని క్లిప్పు రేటుకే పెట్టాలి. ఐమూవీ మొదట వేసిన క్లిప్పు రేటునే ప్రాజెక్టు మొత్తానికి తీసుకుంటుంది, కాబట్టి ఫోన్ క్లిప్పుతో మొదలుపెట్టొద్దు.

లైట్ల రెపరెప: కరెంటు 50 హెర్ట్జ్ అయితే షట్టర్ సెకనులో 50వ వంతు లేదా 100వ వంతు పెట్టాలి. 60 అయితే 60 లేదా 120.

దశ 9: ఎంపిక

బి, సిల మధ్య తేల్చాలి. టైమ్‌లైన్ మీద రెండూ ప్రాక్సీ లేకుండా నడిచాయి. చీకటి గది క్లిప్పులో బి ముక్కలు ముక్కలుగా విరిగింది. చీకట్లో పుట్టే నలుసులకే 28 మెగాబిట్లలో చాలా భాగం ఖర్చయిపోతుంది, ముఖాలకి మిగిలేది తక్కువ. సిలో 50 ఉంది కాబట్టి నిలబడింది. రంగులు సరిచేసేటప్పుడు కూడా అదే తేడా. ధ్వని పీసీఎం కాబట్టి దశ 5 మెట్టు లేదు. ఎక్స్‌ఫ్యాట్ కార్డు మీద ముక్కలు కావు కాబట్టి దశ 4 మెట్టూ లేదు. సి గెలిచింది.

కెమెరాలో వెతకాల్సినవి, ఈ వరసలో:

1. హెచ్.264, 8 బిట్, ఎంపీ4 చుట్ట, 1080/50పి, 50 మెగాబిట్ల చుట్టుపక్కల.
2. పీసీఎం ధ్వని. ఏఏసీ అయినా పరవాలేదు.
3. ఎస్‌డీఎక్స్‌సీ కార్డు.
4. బయటి మైకు సాకెట్, హెడ్‌ఫోన్ సాకెట్ రెండూ. ధ్వని పోయిందని ఎడిటింగ్‌లో తెలిస్తే చేసేదేమీ లేదు.
5. 30 నిమిషాలకి ఆగకపోవడం. చాలా స్టిల్ కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకి ఆగేవి, క్యామ్‌కార్డర్లకి ఆ కట్టుబాటు లేదు. వాడిన కెమెరా కొనేటప్పుడు ఇది అడగాలి.
6. 4కె ఉంటే మంచిదే, హెచ్‌డీ మోడ్‌ని బలిపెట్టి మాత్రం కాదు. కొన్ని కెమెరాల్లో 4కె మోడ్‌కి బిట్‌రేటు బాగా ఇచ్చి, హెచ్‌డీకి పాత ఏవీసీహెచ్‌డీయే వదిలేస్తారు.

దశ 10: మొదటి పూర్తి పని

రెండు గంటల రికార్డింగ్, 45 జీబీ. 64 జీబీ కార్డులో ఈ మోడ్‌కి దాదాపు 2 గంటల 50 నిమిషాలు పడుతుంది కాబట్టి కార్డు మార్చే పని పడలేదు. ఫైళ్ళు ప్రైవేట్ లోపల ఎం4రూట్, అందులో క్లిప్ ఫోల్డర్‌లో ఉన్నాయి, ఒక్కో ఎంపీ4 పక్కన ఒక్కో ఎక్స్ఎంఎల్. 40 నిమిషాలకి కుదించి 16 మెగాబిట్లలో బయటికి తీశాం: 4.8 జీబీ.

కార్డు ఖాళీ చేసే వరస:

1. ప్రైవేట్ ఫోల్డర్ మొత్తం డిస్కులోకి, తర్వాత విడి డిస్కులోకి. రెండు కాపీలు.
2. ఫైళ్ళ సంఖ్య, మొత్తం సైజు బైట్లలో, మూడు చోట్లా ఒకటేనా అని చూడటం.
3. చివరి క్లిప్పు చివరి నిమిషం తెరిచి వినడం. కాపీ మధ్యలో ఆగిపోతే తెలిసేది అక్కడే.
4. ఫార్మాట్ కెమెరాలోనే. కంప్యూటర్‌లో చేస్తే కెమెరాకి కావలసిన ఫోల్డర్ల అమరిక ఉండదు.

*ఇప్పటి లెక్క: పాత శాంపిళ్ళు చెరిపేశాం, సి ఒక్కటే ఉంచాం, 3.75 జీబీ. అసలు రికార్డింగ్ 45, బయటికి తీసింది 4.8. వాడింది 53.55, ఖాళీ 156.45 జీబీ.*